విశ్వవిశాలతను కొలిచిన ఎడ్విన్ హబుల్

ఆకాశం వైపు తలయెత్తి చూసి విస్మయం చెందని మానవుడు లేడు. మన పూర్వులు ఇరవైయేడు నక్షత్రాలను గుర్తించి, వాటి ఆధారంగా పంచాంగాన్ని గణించారు. రాత్రివేళ ఆకాశంలో తెల్లగా పరచుకొన్న కాంతిపట్టీని పాలపుంత అని, ఆకాశగంగ అని పిలిచారు. ఆ పాలపుంతలో మన సూర్యుడు కూడా ఒక నక్షత్రం మాత్రమేనని ఆధునిక శాస్త్రం తెలియజేసింది. అయితే ఆ పాలపుంతకు ఆవల ఏమున్నది? విశ్వం అక్కడితో ముగుస్తుందా? ఇరవయ్యో శతాబ్దం తొలి పాదం గడిచేవరకు ఈ ప్రశ్నకు నిశ్చయమైన సమాధానం లేదు. ఆ సమాధానాన్ని సాక్ష్యంతో సహా లోకం ముందు ఉంచినవాడు అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ పవెల్ హబుల్. అంతరిక్షంలో పరిభ్రమించే దూరదర్శిని కారణంగా ఆయన పేరు నేడు పిల్లలకు సైతం సుపరిచితం. ఆయన జీవితం మాత్రం మనలో చాలామందికి తెలియదు. కంటికి కనిపించినది ఏది, మనస్సు ఊహించినది ఏది అనే వివేచన శాస్త్రజ్ఞునికి ఎంత అవసరమో ఆ జీవితం బోధిస్తుంది.

హబుల్ 1889వ సంవత్సరం నవంబరు 20వ తేదీన అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మార్ష్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్ పవెల్ హబుల్ బీమా వ్యాపారంలో ఉద్యోగి. తల్లి వర్జీనియా లీ జేమ్స్. ఎడ్విన్ బాల్యంలోనే కుటుంబం షికాగో సమీపంలోని వీటన్ పట్టణానికి తరలివెళ్ళింది. చదువులో చురుకైనవాడే అయినా, ఆ రోజుల్లో ఆయనకు పేరు తెచ్చినవి ఆటలు. పొడగరి, దృఢకాయుడు. 1906లో ఎత్తు దూకే పోటీలో ఇల్లినాయ్ రాష్ట్రస్థాయి రికార్డును అధిగమించాడు. షికాగో విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ జట్టులో ఆడాడు. అక్కడే గణితాన్ని, ఖగోళశాస్త్రాన్ని అభ్యసించి 1910లో పట్టభద్రుడయ్యాడు.

ఆ సంవత్సరమే ప్రతిష్ఠాత్మకమైన రోడ్స్ విద్యార్థి వేతనం పొంది, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. కుమారుడు న్యాయవాది కావాలని తండ్రి సంకల్పం. తండ్రి మాటను కాదనలేక హబుల్ అక్కడ న్యాయశాస్త్రం చదివాడు. ఆపై స్పానిష్ భాషను అభ్యసించాడు. మనస్సు మాత్రం నక్షత్రాల మీదనే ఉండేది. 1913లో తండ్రి మరణించాడు. స్వదేశానికి తిరిగివచ్చిన హబుల్ ఇండియానా రాష్ట్రంలోని న్యూ ఆల్బనీ ఉన్నత పాఠశాలలో ఒక సంవత్సరం పాటు స్పానిష్, భౌతికశాస్త్రం, గణితం బోధించాడు. విద్యార్థులకు బాస్కెట్‌బాల్ నేర్పాడు. ఆ సంవత్సరం ముగిసేసరికి తన మార్గం ఏదో ఆయనకు స్పష్టమైంది. 1914లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్క్స్ వేధశాలలో పరిశోధక విద్యార్థిగా చేరాడు. మసక నీహారికల ఛాయాచిత్రాలను పరిశీలించి 1917లో డాక్టరేటు పట్టం అందుకొన్నాడు.

కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాల అధిపతి జార్జ్ ఎలరీ హేల్ ఆ యువకుని ప్రతిభను గుర్తించి ఉద్యోగం ఇవ్వజూపాడు. కాని అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం సాగుతున్నది. హబుల్ సైన్యంలో చేరి మేజర్ హోదా పొందాడు. ఆయన దళం ఐరోపా చేరిన కొద్దికాలానికే యుద్ధం ముగిసింది. 1919లో తిరిగివచ్చి, తనకోసం వేచి ఉన్న ఉద్యోగంలో చేరాడు. అప్పటినుంచి జీవితాంతం ఆ వేధశాలే ఆయన కార్యక్షేత్రమైంది.

మౌంట్ విల్సన్ సముద్రమట్టానికి సుమారు 1,740 మీటర్ల ఎత్తున ఉన్న పర్వతం. దాని శిఖరం మీద 100 అంగుళాల వ్యాసం గల అద్దంతో హుకర్ దూరదర్శిని 1917లో సిద్ధమైంది. ఆనాటికి ప్రపంచంలో అదే అతి పెద్దది. దానితో పనిచేయడం సుఖమైన వ్యాపకం కాదు. వెచ్చని గాలి వల్ల చిత్రం చెదిరిపోతుంది కనుక దూరదర్శిని గృహంలో చలిమంట కూడా ఉండరాదు. భూభ్రమణానికి అనుగుణంగా కదిలే ఆ భారీ యంత్రాన్ని, కంటితో ఒక నక్షత్రాన్ని గురిచూస్తూ, చేతితో సరిదిద్దుతూ గంటల తరబడి కూర్చోవాలి. గాజుపలక మీద పూసిన రసాయనం కొద్దికొద్దిగా కాంతిని గ్రహించి ఒక మసక బింబాన్ని ఏర్పరుస్తుంది. ఒక రాత్రి శ్రమకు ఫలం ఒకటి రెండు పలకలు మాత్రమే.

ఆ రోజుల్లో ఖగోళ శాస్త్రజ్ఞులను వేధిస్తున్న సమస్య నీహారికల స్వరూపం. దూరదర్శినిలో సుడులు తిరిగిన మబ్బుతునకల వలె కనిపించే ఆ కాంతిపుంజాలు పాలపుంతలోని వాయుమేఘాలా? లేక పాలపుంతకు అతి దూరంగా ఉన్న స్వతంత్ర నక్షత్ర సమూహాలా? 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్ నగరంలో ఈ విషయం మీద హార్లో షాప్లీ, హెబర్ కర్టిస్ అనే ఇద్దరు పండితులు విద్వత్సభలో వాదించారు. పాలపుంత అతి విశాలమైనదని, నీహారికలు దానికి సంబంధించినవేనని షాప్లీ పక్షం. అవి వేరే నక్షత్రలోకాలని కర్టిస్ పక్షం. ఇరువురి వాదనలోనూ బలముంది. ఇరువురి వాదనలోనూ లోపముంది. నీహారికల దూరాన్ని కొలిచేవరకు ఆ వివాదం తేలదు. వాదంతో తేలని ఆ విషయాన్ని కొలతతో తేల్చడానికి హబుల్ పూనుకొన్నాడు.

దూరాన్ని కొలిచే కొలబద్దను అంతకుముందే ఒక స్త్రీమూర్తి సిద్ధపరచింది. హార్వర్డ్ వేధశాలలో స్వల్ప వేతనానికి ఛాయాచిత్ర ఫలకాలను పరిశీలిస్తూ ఉండిన హెన్రియెట్టా లీవిట్, సెఫీడ్లు అనే ఒకరకం నక్షత్రాల మీద శ్రద్ధ వహించింది. వాటి వెలుగు క్రమంగా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. హెచ్చుతగ్గుల ఆవర్తన కాలం ఎంత దీర్ఘమైతే, నక్షత్రం నిజమైన ప్రకాశం అంత అధికమని ఆమె 1912లో నిరూపించింది. నిజమైన ప్రకాశం తెలిసి, మనకు కనిపించే ప్రకాశం తెలిస్తే దూరాన్ని గణించవచ్చు. ఊరి చివర మిణుకుమనే దీపం ఎంత శక్తి గలదో తెలిసినవాడు అది ఎంత దూరాన ఉన్నదో చెప్పగలిగినట్లే ఇది కూడా. ఆమె 1921లో మరణించింది. తాను నిర్మించిన కొలబద్దతో విశ్వాన్ని కొలవడం చూసే భాగ్యం ఆమెకు కలుగలేదు.

1923 అక్టోబరు మొదటి వారంలో హబుల్ ఆండ్రోమెడా నీహారికను ఛాయాచిత్రం తీశాడు. పలక మీద మూడు కొత్త కాంతిబిందువులు కనిపించాయి. వాటిని అకస్మాత్తుగా ప్రజ్వరిల్లి ఆరిపోయే నవ్యతారలుగా భావించి, ఒక్కొక్కదాని పక్కన నవ్యతారకు గుర్తుగా ఒక అక్షరం వ్రాశాడు. పిదప పాత ఫలకాలతో పోల్చి చూడగా వాటిలో ఒకటి ఆరిపోయే తార కాదని, హెచ్చుతూ తగ్గుతూ ఉన్న సెఫీడ్ అని తేలింది. వెంటనే తాను వ్రాసిన అక్షరాన్ని కొట్టివేసి, అది చరనక్షత్రమని ఎర్రని సిరాతో గుర్తించాడు. ఆ కొట్టివేత విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక మహాఘట్టం. ఆ నక్షత్రం ఆవర్తన కాలం 31 రోజులకు కొంచెం ఎక్కువ. గణించగా ఆండ్రోమెడా దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలని తేలింది. కాంతి ఒక సంవత్సరంలో దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పాలపుంత వ్యాసాన్ని అత్యధికంగా అంచనా కట్టిన షాప్లీ లెక్క ప్రకారం కూడా అది 3 లక్షల కాంతి సంవత్సరాలే. కాబట్టి ఆండ్రోమెడా పాలపుంతకు వెలుపలి వస్తువు; అది మరొక నక్షత్రలోకం.

1924 ఆరంభంలో హబుల్ ఈ సంగతిని షాప్లీకి ఉత్తరం ద్వారా తెలియజేశాడు. తాను నమ్మిన విశ్వచిత్రం ఆ ఒక్క ఉత్తరంతో కూలిపోయిందని షాప్లీ గ్రహించాడు. గ్రహించి, సత్యాన్ని అంగీకరించాడు. ఓటమిని ఒప్పుకొనడం కూడా విద్వాంసుని లక్షణమే. 1925 జనవరి 1న వాషింగ్టన్‌లో జరిగిన శాస్త్రసభలో హబుల్ వ్యాసాన్ని, ఆయన హాజరుకాకపోగా, హెన్రీ నారిస్ రస్సెల్ చదివి వినిపించాడు. అంతటితో ఒక్క పాలపుంతకే పరిమితమైన విశ్వం అనేక కోట్ల గెలాక్సీల విశ్వమైంది. 1924లోనే హబుల్ గ్రేస్ బర్క్‌ను వివాహమాడాడు. తరువాతి సంవత్సరాలలో గెలాక్సీలను వాటి ఆకారాన్ని బట్టి దీర్ఘవృత్తాకారమైనవి, సర్పిలాకారమైనవి, క్రమాకృతి లేనివి అని వర్గీకరించాడు. ఆ వర్గీకరణను నేటికీ ఖగోళ శాస్త్రజ్ఞులు వాడుతున్నారు.

హబుల్ రెండవ ఘనకార్యాన్ని అర్థం చేసుకోవాలంటే వర్ణపటం గురించి కొంత తెలుసుకోవాలి. కాంతిని పట్టకం గుండా ప్రసరింపజేస్తే ఏడు రంగులుగా విడిపోతుంది. నక్షత్రకాంతి వర్ణపటంలో ఆ రంగుల నడుమ అక్కడక్కడ నల్లని గీతలు కనిపిస్తాయి. ప్రతి మూలకానికీ దాని సొంత గీతల వరుస ఉంటుంది. మనిషికి వేలిముద్ర ఎటువంటిదో మూలకానికి ఆ గీతలు అటువంటివి. దూరమవుతున్న రైలు కూత స్వరం తగ్గినట్లు, కాంతినిచ్చే వస్తువు మననుంచి దూరమైతే ఆ గీతలు ఎరుపు రంగు వైపు జరుగుతాయి. సమీపిస్తే నీలం వైపు జరుగుతాయి. ఎరుపు వైపు జరగడాన్ని అరుణ విస్థాపనం అంటారు. అమెరికాలోని లోవెల్ వేధశాలలో పనిచేసిన వెస్టో స్లిఫర్ 1912 నుంచి నీహారికల వర్ణపటాలను ఓర్పుతో సేకరించాడు. ఆండ్రోమెడా మనవైపు సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదని మొదట కనుగొన్నాడు. కాని ఆయన పరిశీలించిన తక్కిన నీహారికలలో చాలా వాటి గీతలు ఎరుపు వైపే జరిగి ఉన్నాయి. కారణం తెలియలేదు.

హబుల్ ఆ వేగాలను తాను కొలిచిన దూరాలతో జతపరచి చూశాడు. ఈ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు మిల్టన్ హ్యూమసన్. ఆయన చదువు బాల్యంలోనే ఆగిపోయింది. వేధశాల నిర్మాణకాలంలో కంచరగాడిదల మీద కొండపైకి సామగ్రి చేరవేసిన యువకుడు ఆయన. తరువాత అక్కడే ఊడ్చి శుభ్రం చేసే ఉద్యోగంలో చేరి, రాత్రివేళ పరిశీలకులకు సహాయపడుతూ పని నేర్చుకొని, క్రమంగా ప్రపంచంలోని మేటి పరిశీలకులలో ఒకడైనాడు. ఒక్క మసక గెలాక్సీ వర్ణపటం కోసం వరుస రాత్రులలో మొత్తం ముప్పై గంటలకు పైగా అదే పలకను కాంతికి చూపుతూ కూర్చొన్న సహనశీలి.

1929లో హబుల్ తన ఫలితాన్ని ప్రకటించాడు. దూరం తెలిసిన 24 గెలాక్సీలను తీసుకొని, దూరాన్ని ఒక అక్షం మీద, వేగాన్ని మరొక అక్షం మీద గుర్తించగా ఆ బిందువులు స్థూలంగా ఒక సరళరేఖ వెంట అమరాయి. గెలాక్సీ ఎంత దూరమో దాని అరుణ విస్థాపనం అంత ఎక్కువ. రెట్టింపు దూరంలో ఉన్నది రెట్టింపు వేగంతో దూరమవుతున్నట్లు తోస్తుంది. 1931 నాటికి హబుల్, హ్యూమసన్ కలిసి సెకనుకు 20,000 కిలోమీటర్ల వేగాన్ని సూచించే గెలాక్సీల వరకు ఈ నియమం చెల్లుతున్నదని చూపారు. విశ్వం నిశ్చలమని భావించిన ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఆ సంవత్సరమే మౌంట్ విల్సన్ వేధశాలను దర్శించి, తన అభిప్రాయాన్ని మార్చుకొన్నాడు.

సాపేక్ష సిద్ధాంతం ఆధారంగా విశ్వం విస్తరించవచ్చునని రష్యా గణితజ్ఞుడు ఫ్రీడ్‌మన్ 1922లోనే సూచించాడు. బెల్జియం దేశపు మతాచార్యుడు, భౌతిక శాస్త్రజ్ఞుడు జార్జ్ లెమేట్ర్ 1927లో ఫ్రెంచి భాషలో ఒక వ్యాసం వ్రాసి, దూరానికీ వేగానికీ గల సంబంధాన్ని కూడా గణించాడు. ఆ వ్యాసం 1931లో ఆంగ్లంలో వెలువడినపుడు ఆ భాగం అందులో లేదు. దానిని తొలగించినది ఎవరని తరువాతి తరాలవారు అనుమానించారు. కొందరి వేలు హబుల్ వైపు చూపింది. 2011లో బయటపడిన ఒక లేఖ ద్వారా ఆ భాగాన్ని అనువాదంలో విడిచిపెట్టినది లెమేట్రేనని నిరూపితమైంది. సాక్ష్యం లేని అనుమానం ఎంతటివారికైనా అన్యాయం చేస్తుంది. 2018లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్య ఈ నియమాన్ని హబుల్-లెమేట్ర్ నియమమని వ్యవహరించాలని సిఫారసు చేసింది.

హబుల్‌లో లోపాలు లేవని చెప్పడం సత్యదూరం. 1929 నాటి వ్యాసంలో ఆయన ఉపయోగించిన వేగాలలో అత్యధికం స్లిఫర్ కొలిచినవి. కాని ఆ వ్యాసంలో స్లిఫర్ పేరు లేదు. తన గతాన్ని గురించి కూడా ఆయన కొంత అతిశయంగా చెప్పుకొన్నాడు. కెంటకీ రాష్ట్రంలో న్యాయవాద వృత్తి చేసినట్లు ఆయన చెప్పుకొన్న మాటకు జీవిత చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. నక్షత్రాన్ని గురించి ఒక్క మాట చెప్పడానికి నూరు ఫలకాలు పరిశీలించిన మనిషి, తనను గురించి చెప్పుకొనేటపుడు అంతటి నియమం పాటించలేకపోయాడు. మానవ స్వభావంలోని ఈ వైచిత్రిని మనం గమనించాలి. గొప్పవారిని పూజించడం కంటె అర్థం చేసుకొనడం మేలు.

అయితే శాస్త్ర విషయంలో ఆయన పాటించిన సంయమనం అనన్యమైనది. గీతలు ఎరుపు వైపు జరిగాయన్నది కంటికి కనిపించిన సత్యం. గెలాక్సీలు దూరంగా పరుగెత్తుతున్నాయన్నది దానికి ఇచ్చిన వ్యాఖ్యానం. లోకమంతా విశ్వవిస్తరణను కనుగొన్నవాడని కీర్తిస్తూ ఉన్నా, హబుల్ మాత్రం వాటిని తోచే వేగాలు అని మాత్రమే వ్యవహరించాడు. 1935లో రిచర్డ్ టోల్మన్‌తో కలిసి, అరుణ విస్థాపనం నిజంగా వేగం వల్ల కలిగినదా, లేక మనకు తెలియని మరొక కారణం ఉన్నదా అని పరీక్షించే పద్ధతులను చర్చించాడు. గెలాక్సీల సంఖ్యను లెక్కించి, విస్తరణను అంగీకరిస్తే లెక్క కుదరడం లేదని 1936లో సందేహం వెలిబుచ్చాడు. ఆ లెక్కింపులోనే లోపాలున్నాయని తరువాత తేలింది. విశ్వవిస్తరణ నిజమేనని, గెలాక్సీల నడుమనున్న అవకాశమే విస్తరించడం వల్ల కాంతి తరంగాలు సాగుతున్నాయని నేటి శాస్త్రం అంగీకరిస్తున్నది. హబుల్ సందేహం నిలువలేదు. సందేహించే పద్ధతి మాత్రం నిలిచింది.

ఆయన కొలతలోనూ ఒక పెద్ద పొరపాటు దాగి ఉన్నది. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి గెలాక్సీ వేగం సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు పెరుగుతుందని ఆయన లెక్క. ఆ లెక్క ప్రకారం విశ్వం వయస్సు 200 కోట్ల సంవత్సరాలకు మించదు. కాని భూమి మీది శిలల వయస్సు అంతకంటె ఎక్కువని రేడియోధార్మిక పద్ధతుల ద్వారా భూగర్భ శాస్త్రజ్ఞులు నిరూపించారు. తల్లి కంటె బిడ్డ వయస్సు ఎక్కువైనట్లయింది! రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లాస్ ఏంజెలెస్ నగరంలో దీపాలు ఆర్పివేయగా, మౌంట్ విల్సన్ మీద ఆకాశం మరింత చీకటిగా ఉండేది. ఆ అవకాశాన్ని ఉపయోగించుకొని వాల్టర్ బాడే ఆండ్రోమెడాను సూక్ష్మంగా పరిశీలించాడు. ఆ పరిశోధనను కొనసాగించి, సెఫీడ్లు ఒక రకం కావని, రెండు రకాలని 1952లో ప్రకటించాడు. దానితో గెలాక్సీల దూరాలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. అనంతర సవరణల ఫలితంగా ఆ 500 సంఖ్య నేడు 70 ప్రాంతానికి దిగింది. విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలని తేలింది. ఆండ్రోమెడా దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలైంది. హబుల్ గీచిన రేఖ వాలు మారింది. రేఖ మాత్రం చెదరలేదు.

యుద్ధకాలంలో హబుల్ మేరీలాండ్ రాష్ట్రంలోని సైనిక పరిశోధన కేంద్రంలో ఫిరంగి గుళ్ళ గమనాన్ని గణించే విభాగానికి నాయకత్వం వహించి, 1946లో ప్రభుత్వ పతకం పొందాడు. 1948లో పాలోమర్ పర్వతం మీద 200 అంగుళాల దూరదర్శిని ప్రారంభమైంది. 1949 జనవరిలో దానితో తొలి ఛాయాచిత్రం తీసే గౌరవం హబుల్‌కు దక్కింది. ఆ సంవత్సరమే ఆయనకు గుండెపోటు వచ్చింది. కోలుకొని తిరిగి పని ప్రారంభించాడు గాని పూర్వపు బలం రాలేదు. 1953 సెప్టెంబరు 28న కాలిఫోర్నియాలోని సాన్ మరీనోలో మెదడులో రక్తం గడ్డకట్టి మరణించాడు. అంత్యక్రియల సభ జరగలేదు. ఆయన భౌతికకాయాన్ని ఎక్కడ ఉంచారో లోకానికి తెలియనే తెలియదు. ఖగోళశాస్త్రాన్ని భౌతికశాస్త్రంలో భాగంగా ఆనాడు పరిగణించకపోవడం వల్ల నోబెల్ బహుమతి ఆయనకు అందలేదు.

హబుల్ విడిచివెళ్ళిన ప్రశ్న ఆయనతో ముగియలేదు. ఆయన మరణించిన సంవత్సరమే మౌంట్ విల్సన్, పాలోమర్ వేధశాలలలో పరిశోధన ప్రారంభించిన హాల్టన్ ఆర్ప్, అరుణ విస్థాపనం దూరానికి సూచిక అన్న సూత్రాన్నే తరువాతి కాలంలో ప్రశ్నించాడు. మన దేశానికి చెందిన జయంత నార్లీకర్ కూడా ఆ ప్రశ్నను తీవ్రంగా చర్చించాలని వాదించినవారిలో ఒకరు. 1970 దశకంలో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం టిఫ్ట్ మరొక ఆశ్చర్యకరమైన విషయం ప్రకటించాడు. గెలాక్సీల అరుణ విస్థాపనాలు నిరంతరంగా కాక, సెకనుకు సుమారు 72 కిలోమీటర్ల అంతరంతో మెట్లుమెట్లుగా ఉన్నాయని ఆయన వాదన. క్వేజార్లు అనే అతి దూరపు జ్యోతిర్బింబాల విస్థాపనాలలో కూడా నియతమైన విరామాలున్నాయని మరికొందరు అన్నారు.

ఈ వాదన నిజమైతే పర్యవసానం సామాన్యమైనది కాదు. దారిన పోయే బండ్లు పది, ఇరవై, ముప్పై అనే వేగాలతో తప్ప నడుమ వేగాలతో పోవని ఎవరైనా అంటే మనం నమ్మం. గెలాక్సీల విషయమూ అంతే. విస్థాపనాలు మెట్లుగా ఉంటే అవి విస్తరణ వల్ల కలిగినవి కాజాలవు; హబుల్ రేఖకు ఆధారమే కదలిపోతుంది. కాబట్టి శాస్త్రజ్ఞులు ఆ మాటను అపహసించి విడిచిపెట్టలేదు, పరీక్షకు పెట్టారు. ఎడిన్‌బరో నగరంలోని ఇద్దరు పరిశోధకులు 1990 దశకంలో సమీప గెలాక్సీలను పరీక్షించి, సుమారు 37 కిలోమీటర్ల విరామం కనిపిస్తున్నదని చెప్పారు కూడా. నిర్ణయం ఇంకా ఎక్కువ గెలాక్సీలను కొలిచినపుడే సాధ్యమైంది. ఆస్ట్రేలియాలోని దూరదర్శినితో రెండు లక్షలకు పైగా గెలాక్సీల విస్థాపనాలను కొలిచారు. 2002లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఆ సేకరణ నుంచి క్వేజారు, గెలాక్సీ జతలను పదహారు వందలకు పైగా ఎన్నుకొని పరీక్షించగా, చెప్పిన విరామాల జాడ కనిపించలేదు. పరిశీలనల సంఖ్య పెరిగినకొద్దీ మెట్లు చదునైపోయాయి. కొద్ది బిందువులు కనిపించినచోట వాటిని కలిపి ఒక ఆకారాన్ని ఊహించడం మానవ నేత్రానికి సహజం. ఏడు నక్షత్రాలలో మనం సప్తర్షులను చూస్తాం. పాశ్చాత్యులు వాటిలోనే ఎలుగుబంటి తోకను చూశారు. నక్షత్రాలకు ఆ రెండూ తెలియవు.

అయితే ఆ అన్వేషణ వృథా కాలేదు. అంతటి విస్తారమైన కొలతలలో వేరొక నిజమైన క్రమం బయటపడింది. గెలాక్సీల జతల మధ్య సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరం తక్కిన దూరాల కంటె కొద్దిగా అధికంగా కనిపిస్తుందని 2005లో రెండు పరిశోధక బృందాలు నిరూపించాయి. అది విశ్వం శైశవదశలో వేడిద్రవ్యంలో వ్యాపించిన తరంగాల జ్ఞాపకచిహ్నం. సిద్ధాంతం దానిని ముందుగానే ఊహించింది. పరిశీలన ఆ పిమ్మట ధ్రువపరచింది. చూడదలచిన క్రమానికీ, ఉన్న క్రమానికీ భేదం తెలిపేది విస్తారమైన, నిష్పాక్షికమైన కొలత ఒక్కటే.

1990 ఏప్రిల్ 24న అంతరిక్షంలోకి ప్రయోగించిన దూరదర్శినికి హబుల్ పేరు పెట్టారు. ఆయన వెలికి తీసిన సెఫీడ్ల దూరాలను మరింత నిశితంగా కొలవడం దాని ముఖ్య లక్ష్యాలలో ఒకటి. అయినా నేటికీ ఆ 70 ప్రాంతపు సంఖ్య విషయంలో రెండు పద్ధతులు రెండు సమాధానాలిస్తున్నాయి. ఒకటి 67 సమీపంలోను, మరొకటి 73 సమీపంలోను ఉన్నాయి. ఆ భేదానికి కారణం కొలతలోని లోపమా, లేక మనమెరుగని ప్రకృతి రహస్యమా అన్నది రాబోయే తరాలు తేల్చవలసిన విషయం.

విద్యార్థులారా! హబుల్ జీవితం మనకు చూపేది ఒక గాజుపలక, దాని మీద వ్రాసిన ఒక అక్షరం, ఆ అక్షరాన్ని కొట్టివేసిన ఒక గీత. తాను వ్రాసినది తప్పని తెలిసిన క్షణాన దిద్దుకొనగలగడం వల్లనే ఆయనకు ఆండ్రోమెడా దూరం తెలిసింది. షాప్లీ తన నమ్మకాన్ని విడిచిపెట్టగలిగాడు. బాడే తన పూర్వుల లెక్కను సవరించగలిగాడు. లీవిట్, స్లిఫర్, హ్యూమసన్ వంటివారు తమకు రాగల కీర్తిని లెక్కచేయక రాత్రింబవళ్ళు శ్రమించారు. విజ్ఞానం ఒక్కరి సొత్తు కాదు. అది పలువురి ఓర్పుతో, పలువురి సవరణలతో పెరిగే వృక్షం. మీరు ఏ శాస్త్రాన్ని అభ్యసించినా, ఏ వృత్తిని చేపట్టినా, చూసినదానికీ ఊహించినదానికీ నడుమ ఉన్న సన్నని గీతను మరువకండి. ఆ గీతను గౌరవించినవాని చేతిలో చిన్న గాజుపలక కూడా విశ్వానికి ద్వారమవుతుంది.